పిండంలో కణాలకు దారి చూపించేది ఏ జన్యువు? అసలు అలాంటిది ఉందా?

ఊరికే_అడిగా
డెవలప్‌మెంటల్ బయాలజీ పేపర్ మొదలైంది. ఏ చాప్టర్ తిప్పినా ఒకటే పాట: ఫలానా జన్యువు కణాల వలసను నియంత్రిస్తుంది. సరే, ఎలా? అన్ని కణాల్లో ఉన్న డీఎన్ఏ ఒకటే. జన్యువు కేంద్రకం దాటి బయటికి రాదు. మరి ఒక కణం కుడికి పోతే దాని పక్కది ఎడమకి ఎందుకు పోతోంది, మూడోది ఉన్నచోటే ఎందుకు ఉండిపోతోంది? పిండం మ్యాపు ఏ జన్యువులో రాసుంది? క్లాసులో అడిగితే "రిసెప్టర్లు ఉంటాయి కదా" (బయటి సంకేతాన్ని పట్టుకునే ప్రోటీన్లు) అని దాటేశారు. వెన్నెముక ఉన్న జీవుల సంగతే చెప్పండి. ఈగల గురించి వద్దు, పోయిన సెమిస్టర్ అంతా అవే.

కణకణలాడే_కణం
మ్యాపు ఎక్కడా లేదు. థ్రెడ్ మూసేయొచ్చు.

ఊరికే_అడిగా
ఇంకా ఎవరూ రాకముందే మూసేస్తే ఎలా బ్రో. మ్యాపు లేకపోతే ప్రతి పిండంలోనూ గుండె అదే చోట ఎలా కుదురుతోంది?

చేపల_తొట్టి
జీబ్రాఫిష్ ల్యాబ్‌లో పని నాది, కాబట్టి నా లోకమంతా చేపలే. ముందు రెండు విషయాలు విడదీసుకోండి. కణం కదలగలగడం ఒకటి, ఎటు కదలాలో తెలియడం ఇంకొకటి. ఈ రెండూ వేర్వేరు జన్యువుల చేతిలో ఉంటాయి.

బీజకణాలనే తీసుకోండి, అంటే తర్వాత అండాలో శుక్రకణాలో అయ్యేవి. ఇవి పుట్టే చోటు వేరు, బీజకోశం తయారయ్యే చోటు వేరు. మధ్యలో పిండంలో చాలా దూరం పోవాలి. డెడ్ ఎండ్ అనే జన్యువు పనిచేయకుండా చేస్తే ఇవి కదలవు, కొన్నాళ్లకు కనిపించకుండా పోతాయి. అదే సిఎక్స్‌సిఆర్4బి అనే రిసెప్టర్ తీసేస్తే కదలడం ఆపవు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి, ముందువైపు పొర బుడగలా ఉబ్బుతుంది, లోపలి ద్రవం అందులోకి దూకుతుంది, కణం ఒక అడుగు జరుగుతుంది. మళ్లీ ఇంకో బుడగ. అన్నీ మామూలుగానే జరుగుతాయి, గమ్యం ఒక్కటే ఉండదు. ఒకటి తల దగ్గర, ఒకటి తోక దగ్గర తేలతాయి.

ఆ రిసెప్టర్ పట్టుకునేది సిఎక్స్‌సిఎల్12ఎ అనే ప్రోటీన్‌ని. దాన్ని వదిలేవి దారిలో ఉన్న వేరే కణాలు. 2002, 2003 ప్రాంతంలో తేలింది ఇది. కాబట్టి దారి ఏదో ఒక జన్యువులో రాసి లేదు. ఒక కణం ఒక జన్యువుతో వదిలినదాన్ని ఇంకో కణం ఇంకో జన్యువుతో అందుకుంటోంది. రెండింటి డీఎన్ఏ ఒకటే, తెరిచిన పేజీలు వేరు.

రాత్రి_డ్యూటీ
సిఎక్స్‌సిఆర్4 మా వార్డులో రోజూ వినే పేరే. మూలకణాలు ఎముక మజ్జలో నిలబడి ఉండేది ఈ జంట వల్లే. ట్రాన్స్‌ప్లాంట్ కోసం అవి రక్తంలోకి రావాలంటే ప్లెరిక్సాఫోర్ ఇంజెక్షన్ ఇస్తాం. అది ఆ రిసెప్టర్‌ని మూసేస్తుంది, కణాలు బయటికొచ్చేస్తాయి. దీనికి తలకిందులు విమ్ సిండ్రోమ్: రిసెప్టర్ అతిగా పనిచేసి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మజ్జలోనే ఇరుక్కుంటాయి. చేపపిల్లలోనూ ఇదే నడుస్తోందని ఇప్పుడే చూస్తున్నా.

గోడమీద_పిల్లి
హెచ్ఐవి లోపలికి దూరడానికి వాడుకునేది కూడా ఇదే కదా? పాపం ఒక్క రిసెప్టర్, ఎన్ని ఉద్యోగాలో.

చేపల_తొట్టి
అదే. అన్ని రకాల హెచ్ఐవీలూ కాదు, కొన్ని సిసిఆర్5 అనే ఇంకో రిసెప్టర్ వాడతాయి.

పాత_పుస్తకం
అందరూ రిసెప్టర్ల మీదే పడ్డారు. 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచరాల పిండాన్ని క్షార ద్రావణంలో పెట్టి కణాలను విడివిడిగా చేశారు. చర్మం కావాల్సినవీ, నాడీ పలక కావాల్సినవీ కలిపేశారు. అవి వాటంతట అవే వేరుపడ్డాయి, చర్మ కణాలు బయట, నాడీ కణాలు లోపల. ఎవరూ సంకేతం పంపలేదు. ఏది దేనికి ఎంత గట్టిగా అతుక్కుంటుందన్నదే తేల్చింది. కణాల్ని ఒకదానికొకటి అతికించే క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ల జన్యువులు చాలు, మిగతాదంతా హంగామా.

కణకణలాడే_కణం
"చాలు" అనేది కొంచెం ఎక్కువైంది. అతుక్కోవడంతో ఎవరి పక్కన ఎవరన్నది తేలుతుంది. తల ఎటు, తోక ఎటు అన్నది తేలదు. హోల్ట్‌ఫ్రెటర్ ముద్దలో చర్మం బయటికొచ్చింది సరే, కప్ప రాలేదు కదా.

పాత_పుస్తకం
జీబ్రాఫిష్‌లో ఈ-క్యాడ్‌హెరిన్ పోతే ఏమవుతుందో చేపల_తొట్టినే అడగండి.

చేపల_తొట్టి
హాఫ్ బేక్డ్ మ్యూటెంట్ (ఆ జన్యువు చెడిన చేప) గురించేగా. మామూలుగా నాలుగో గంట దాటాక కణాల పొర పచ్చసొన మీదుగా కిందికి పాకడం మొదలుపెట్టి, పదో గంటకల్లా సొనను పూర్తిగా కప్పేస్తుంది. ఈ-క్యాడ్‌హెరిన్ లేకపోతే లోపలి కణాలు పై పొరలోకి చొచ్చుకెళ్లినా అక్కడ నిలవలేవు, పాకడం మధ్యలో చతికిలబడుతుంది. అతుకు అవసరం, ఒప్పుకుంటా. కాకపోతే అదే చిక్కు కూడా: మరీ గట్టిగా అతుక్కుంటే కణం కదలదు, మరీ వదులైతే పట్టు దొరకదు. అందుకే వింట్11 లాంటి సంకేత ప్రోటీన్లు క్యాడ్‌హెరిన్‌ను పొర మీద నుంచి లోపలికి లాగి మళ్లీ పంపిస్తుంటాయి. జన్యువు "ఉందా లేదా" అని చూస్తే ఇది కనపడదు.

ఫిజిక్స్_పిచ్చి
మీరంతా కెమిస్ట్రీలోనే ఉన్నారు. కదలిక అంటే బలం. కప్ప పిండంలో న్యూరల్ క్రెస్ట్ కణాలు (మెదడూ వెన్నుపామూ అయ్యే నాడీ నాళం పైఅంచు నుంచి విడిపోయేవి) బయల్దేరడానికి కింద ఉన్న మీసోడెర్మ్ అనే పొర గట్టిపడాలని 2018లో చూపించారు. మెత్తగా ఉన్నంతసేపు కదలవు. బయటి నుంచి నొక్కి గట్టిపరిస్తే టైమ్ కంటే ముందే బయల్దేరాయి. జన్యువు మారలేదు, కొత్త సంకేతం రాలేదు, నేల గట్టిపడింది అంతే. జన్యువులు సామాను మాత్రమే అందిస్తాయి, నడిపించేది మెకానిక్స్.

జీవశాస్త్రం_మాస్టారు
ఫిజిక్స్‌పిచ్చి గారూ, అదే పేపర్లో తర్వాతి భాగం కూడా చదవాలి. ఆ మీసోడెర్మ్ ఎందుకు గట్టిపడింది? అక్కడ కణాలు నడిమికి జరిగి కిక్కిరిశాయి. ఆ జరగడాన్ని నడిపే ప్లానార్ సెల్ పోలారిటీ జన్యువుల (కణానికి తన పక్కలేవో తెలియజేసేవి) దారిని మీసోడెర్మ్‌లో ఆపేస్తే గట్టిపడటమూ లేదు, క్రెస్ట్ కదలడమూ లేదు. మీ "నేల" కూడా జన్యువులు పరిచిందే.

ఇక ఊరికే_అడిగా కోసం ఆ జరగడం గురించి. దీన్ని కన్వర్జెంట్ ఎక్స్‌టెన్షన్ అంటాం. వెడల్పుగా ఉన్న కణాల పొర సన్నబడి పొడుగవుతుంది. కొత్త కణాలు పుట్టక్కర్లేదు. పక్కపక్కన నడుస్తున్న రెండు క్యూలు ఒకదాంట్లో ఒకటి దూరితే ఒకే పొడవాటి క్యూ అయినట్టు. గుండ్రటి పిండానికి తల, తోక అనే పొడవు వచ్చేది ఎక్కువగా దీనివల్లే. ప్రతి కణం తన రెండు పక్కలకీ కాళ్లు చాచి పొరుగు కణాన్ని పట్టుకుని లాక్కుంటుంది. ముందుకీ వెనక్కీ చాచదు. పక్కలు ఏవి, ముందు ఏది అని కణానికి తెలియజేసే సరంజామాలో వాంగిల్2 ఒకటి. చేపలో అది పోతే ట్రైలోబైట్ అనే మ్యూటెంట్, పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. ఎలుకలో పోతే లూప్‌టెయిల్: రెండు కాపీలూ చెడితే మెదడు నుంచి వెన్ను దాకా నాడీ నాళం తెరుచుకునే ఉండిపోతుంది. నడుమున కణాలు సర్దుకోక పొర వెడల్పుగా మిగిలిపోయింది కాబట్టి రెండు అంచులూ ఒకదానికొకటి అందవు.

ఊరికే_అడిగా
మాస్టారూ, వింట్11 పేరు పైన వచ్చింది. అదేనా ఆ దిక్కు చూపించే సంకేతం? ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉంటుందా?

జీవశాస్త్రం_మాస్టారు
అందరూ ముందు అలాగే అనుకుంటారు. సిల్వర్‌బ్లిక్ అనే చేప మ్యూటెంట్‌లో వింట్11 పోయింది. 2000లో చేసిన పని చూడండి: వింట్11 ఆర్ఎన్ఏని ఒక్క కణం దశలో ఇంజెక్ట్ చేశారు, అంటే అది పిండమంతా పరుచుకుంటుంది. అయినా మ్యూటెంట్ చాలావరకు కోలుకుంది. దిక్కు చూపే సంకేతమే అయితే అన్ని వైపుల నుంచీ వినిపిస్తే కణం తికమకపడాలి. పడలేదు. కనుక ఈ సందర్భంలో వింట్11 "ఇటు పో" అనడం లేదు, "కదలొచ్చు" అంటోంది.

గల్లీ_బయాలజిస్ట్
గిన్ని పేర్లు యాద్ పెట్టుకునుడు నాతోని కాదు. ఒక్క ముచ్చట చెప్పుండ్రి: నాడీ నాళం మూసుకోకపోవుడు అంటిరి, ఫోలిక్ యాసిడ్ గోళీలు ఇచ్చేది దానికేనా? గోళీ ఏస్కుంటే గా వాంగిల్ గింగిల్ సక్కగైతదా?

రాత్రి_డ్యూటీ
దానికే. 1991లో వచ్చిన బ్రిటిష్ ట్రయల్‌లో, అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. జన్యువును మాత్రం అది సరిచేయదు. మనుషుల్లో నాళం దాదాపు 28వ రోజుకల్లా మూసుకోవాలి, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలీదు. ముందు నుంచే వేసుకోమనేది అందుకే.

జీవశాస్త్రం_మాస్టారు
అన్ని లోపాలకీ అది పనిచేయదు కూడా. కర్లీ టెయిల్ అనే ఎలుక జాతి ఉంది, ఫోలిక్ యాసిడ్‌కి లొంగదు, ఇనోసిటాల్‌కి లొంగుతుంది. అందులో చెడింది జీఆర్‌హెచ్‌ఎల్3 అనే వేరే జన్యువు. నాళం మూసుకోకపోవడం ఒకటే, దానికి దారితీసేవి చాలా.

పాప_అమ్మ
సైన్స్ చదివినదాన్ని కాదు, న్యూరల్ క్రెస్ట్ అని వెతుకుతూ ఇక్కడికొచ్చా. మా పాప పుట్టాక రెండు రోజులైనా మొదటి విరేచనం కాలేదు, పొట్ట ఉబ్బిపోయింది, పచ్చగా వాంతులు. మొదట చూపించిన చోట "గ్యాస్, తగ్గిపోతుంది" అని పంపేశారు. రెండో చోట బయాప్సీ చేసి పేగు చివరి భాగంలో నాడీకణాలు లేవన్నారు. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బట. ఆ ముక్క తీసేసి కలిపారు, ఇప్పుడు బాగుంది. డాక్టర్ ఒక్క మాటలో "కణాలు అక్కడిదాకా నడిచి రాలేదమ్మా" అన్నారు. అప్పట్నుంచీ ఆ మాటే తిరుగుతోంది. ఎందుకు రాలేదు? మధ్యలో ఎక్కడ ఆగిపోయాయి?

జీవశాస్త్రం_మాస్టారు
అమ్మా, మీ డాక్టర్ అన్నది అక్షరాలా నిజం. పేగు గోడలోని నాడీకణాలు పేగులో పుట్టవు. మెడ ప్రాంతంలో నాడీ నాళం పైఅంచు నుంచి బయల్దేరి, నాలుగో వారంలో ఆహారనాళం వైపు నుంచి పేగులోకి దిగి, ఏడో వారం ప్రాంతానికి చివరిదాకా చేరతాయి. పిండంలో ఇంత దూరం పోయే కణాలు తక్కువ. వీటి ప్రయాణం ఎలా తెలిసిందంటే, నికోల్ లె డ్వారిన్ కోడి పిండంలో కంజుపిట్ట కణాలు అతికించారు. కంజుపిట్ట కణాల కేంద్రకం రంగు వేస్తే తేడాగా కనిపిస్తుంది, ఎక్కడికి పోయాయో అక్కడ గుర్తు పట్టొచ్చు.

ఇందులో పెద్ద పాత్ర రెట్ అనే జన్యువుది. కణం మీద రెట్ రిసెప్టర్, పేగు గోడ వదిలేది జీడీఎన్ఎఫ్. ఆ కణాలు బతకడానికి, పెరగడానికి, ముందుకు పోవడానికి మూడింటికీ ఇదే కావాలి.

చేపల_తొట్టి
మాస్టారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన సంగతి జోడిస్తా, నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ఆ కణాలు "నడవలేక" ఆగిపోవు చాలాసార్లు. సంఖ్య చాలక ఆగిపోతాయి. వెనక నుంచి కొత్త కణాలు పుట్టుకొస్తూ తోసుకుంటూ ఉంటేనే ముందు వరస కదులుతుంది. ఈలోగా పేగు కూడా పొడుగవుతూ పోతుంది. మొదట్లో బయల్దేరినవి తక్కువైనా, విభజన నెమ్మదించినా, దారి మధ్యలో తొందరపడి నాడీకణాలుగా మారిపోయినా చివరి ముక్క ఖాళీగా మిగులుతుంది. ఎండోథెలిన్ అనే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ ఈడీఎన్ఆర్‌బీ ఉండేది అలా తొందరపడకుండా ఆపడానికే. కాబట్టి "కదలికను నియంత్రించే జన్యువు" అని పుస్తకంలో కనిపించినదానిలో సగం, లెక్కను నియంత్రించే జన్యువులే.

తెల్లపాయ
ఈ లెక్క మాట నాకూ తగిలింది. మా నాన్నకీ నాకూ పుట్టుకతోనే నుదుటి మీద జుట్టు తెల్లగా ఒక పాయ, పొట్ట మీద ఒక మచ్చ. కిట్ జన్యువు, పైబాల్డిజం అన్నారు. రంగు కణాలు కూడా న్యూరల్ క్రెస్ట్ నుంచే వస్తాయట. వెన్ను వైపు నుంచి బయల్దేరి నుదుటికీ పొట్టకీ వచ్చేసరికి అలసిపోయాయని నాకు చెప్పారు. అదీ తప్పేనా?

చేపల_తొట్టి
అలసిపోవడం అనేది అందరూ చెప్పే కథ. 2016లో ఎలుకల మీద లెక్కకట్టి చూసినప్పుడు కిట్ లోపం ఉన్న రంగు కణాల వేగం తగ్గలేదు, విభజన తగ్గింది. దిక్కు కూడా ఏమీ లేదు, అటూఇటూ తిరుగుతూ పరుచుకుంటాయి. తక్కువ మంది ఉంటే బయల్దేరిన చోటికి దూరంగా ఉన్నవే ఖాళీగా మిగులుతాయి.

గోడమీద_పిల్లి
నా గుర్రాల పిచ్చి ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఓవరో రకం మచ్చల గుర్రాల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తే కొన్ని పిల్లలు పూర్తి తెల్లగా పుడతాయి, పేగు కదలక కొద్దిరోజుల్లో చనిపోతాయి. చెడింది పైన చెప్పిన ఆ ఈడీఎన్ఆర్‌బీయే. రంగూ పేగూ ఒకే ఇంటి నుంచి బయల్దేరాయని అలా తెలుస్తుంది.

ఫిజిక్స్_పిచ్చి
సరే, జనం చాలకపోతే చేరరు, ఒప్పుకున్నా. కానీ దిక్కు ప్రశ్న అలాగే ఉంది. చేపల_తొట్టి మొదటి పోస్టులో దారి పొడుగునా ప్రోటీన్ వదులుతారన్నారు. అన్నిచోట్లా సమానంగా వదిలితే దిక్కు ఎక్కడిది?

చేపల_తొట్టి
మంచి పట్టు పట్టారు. చేప చెవి వెనక నుంచి తోక దాకా పక్కగీత (నీటి కదలికను పసిగట్టే అవయవం) తయారుచేసే ఒక గుంపు ఉంటుంది, వంద కణాల పైచిలుకు, కలిసి కదులుతుంది. దాని దారిలో సిఎక్స్‌సిఎల్12ఎ ఒక చారలా పరిచి ఉంటుంది, ముందు ఎక్కువ వెనక తక్కువ ఏమీ ఉండదు. తేడా తెచ్చేది ఆ గుంపే. వెనక ఉన్న కణాల మీద సిఎక్స్‌సిఆర్7బి అనే ఇంకో రిసెప్టర్ ఉంటుంది. అది ప్రోటీన్‌ని పట్టుకుని లోపలికి మింగేస్తుంది తప్ప కదలమని చెప్పదు. వెనక మింగేస్తుంటే వెనక తగ్గుతుంది, ముందు మిగులుతుంది. గుంపు తన దిక్కును తానే తయారుచేసుకుంటూ పోతోందన్నమాట. 2013లో రెండు ల్యాబులు దీన్ని నేరుగా కొలిచి చూపించాయి. కణకణలాడే_కణం మ్యాపు లేదన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంకా చిత్రమైనది 2006లోది. సిఎక్స్‌సిఆర్4బి లేని గుంపు ఉన్నచోటే కొట్టుమిట్టాడుతుంది. అందులో కొన్ని మామూలు కణాలు పెడితే అవి గుంపులో సర్దుకుంటూ ముందు కొసకి చేరి మొత్తాన్ని లాక్కెళ్లాయి.

కణకణలాడే_కణం
ఆఫీసుల్లోనూ అంతే, నలుగురే లాగుతారు. మిగతావాళ్లకి రిసెప్టర్ ఉండదు.

ఊరికే_అడిగా
ఇక పరీక్షకి పనికొచ్చే ప్రశ్న. ఒక మ్యూటెంట్‌లో కణాలు కదలలేదంటే లోపం కణంలో ఉందా, చుట్టుపక్కల ఉందా అని ఎలా తేలుస్తారు?

జీవశాస్త్రం_మాస్టారు
అటు కణాలు ఇటు, ఇటు కణాలు అటు మార్చి. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకో. గుండె కణాలు మొదట పిండానికి రెండు వైపులా ఉండి మధ్యలోకి వచ్చి కలవాలి. మైల్స్ అపార్ట్ అనే చేప మ్యూటెంట్‌లో కలవవు, రెండు గుండెలు తయారై ఎవరి వైపు వాళ్లు కొట్టుకుంటారు. ఆ మ్యూటెంట్ కణాల్ని మామూలు పిండంలో పెడితే మధ్యలోకి చక్కగా వచ్చాయి. మామూలు కణాల్ని మ్యూటెంట్‌లో పెడితే రాలేదు. కనుక లోపం గుండె కణంలో లేదు, చుట్టూ ఉన్నదాంట్లో ఉంది. ఆ జన్యువు చేసేది ఎస్1పి అనే కొవ్వు సంకేతానికి రిసెప్టర్. ఆ ఎస్1పిని బయటికి పంపే స్పిన్స్2 అనే ప్రోటీన్ పోయినా అచ్చం ఇలాగే రెండు గుండెలు. అది పనిచేసేదేమో పచ్చసొన అంచు పొరలో, గుండెకి సంబంధమే లేని చోట.

దీనికి విరుద్ధం వన్-ఐడ్ పిన్‌హెడ్. నోడల్ అనే సంకేత ప్రోటీన్‌ని అందుకోవడానికి కణానికి కావాల్సిన ప్రోటీన్ అది. అది లేని పిండంలో కణాలు లోపలికి మడుచుకోవు. కానీ ఒక్క మామూలు కణాన్ని అందులో పెడితే, చుట్టూ అందరూ నిలబడి ఉన్నా అది ఒక్కటే లోపలికి దిగిపోతుంది. ఇక్కడ కణం సొంత సరంజామాయే చాలు.

ఊరికే_అడిగా
మైల్స్ అపార్ట్ చేప బతుకుతుందా?

చేపల_తొట్టి
లేదు. రెండూ కొట్టుకుంటాయి గానీ రక్తం తిరగదు. తోక మీద నీటి బుడగలు కూడా వస్తాయి, తొట్టిలో మ్యూటెంట్‌ని దాంతోనే గుర్తుపట్టొచ్చు. మొదటి కొన్ని రోజులు చేపపిల్లకి చర్మం గుండా అందే ఆక్సిజన్ చాలు కాబట్టి పరిశీలించడానికి టైమ్ దొరుకుతుంది. ఎలుకలో ఇదే చూడాలంటే చాలా కష్టం.

పాప_అమ్మ
అందరికీ థాంక్స్, సగం అర్థమైంది. నా అసలు ప్రశ్న ఇంకోటి. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. మాకెవరికీ ఈ జబ్బు లేదు. మళ్లీ వస్తుందా? పైగా ఇది మగపిల్లల్లో ఎక్కువ అని చదివా, మాది పాప.

తెల్లపాయ
మా కిట్‌లాగా సగం సగం లెక్క అయ్యుంటుంది, తల్లిదండ్రుల్లో ఎవరికో ఉండాలి.

రాత్రి_డ్యూటీ
అలా కాదు, ఆ లెక్క దీనికి పనికిరాదు. రెట్‌లో మ్యుటేషన్ ఉన్నా ఒకే కుటుంబంలో ఒకరికి జబ్బు రావచ్చు, ఇంకొకరు మామూలుగా ఉండొచ్చు. పైగా జన్యువు చెడకుండా దాన్ని ఆన్ చేసే పక్క భాగంలో ఉండే చిన్న తేడా చాలామందిలో ఉంటుంది, అది ఒక్కటే జబ్బు తెప్పించదు, అవకాశం కొంచెం పెంచుతుంది. తల్లిదండ్రులకు లేదు కాబట్టి జన్యువులది కాదు అనుకోకండి, ఉంది కాబట్టి తప్పక వస్తుందనీ అనుకోకండి.

జబ్బు దాదాపు 5000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో నాలుగింతలు. తోబుట్టువులకు మళ్లీ రావడం సగటున 4 శాతం దగ్గర చెబుతారు. కానీ ఆ సగటు మీకు సరిపోకపోవచ్చు. నాడీకణాలు లేని భాగం ఎంత పొడవుంటే అంత పెరుగుతుంది. ఇంకోటి, తక్కువగా వచ్చే ఆడపిల్లకే వచ్చిందంటే ఆ ఇంట్లో జన్యు భారం ఎక్కువ ఉండొచ్చని లెక్క, కాబట్టి తర్వాత మగబిడ్డ అయితే అవకాశం ఇంకొంచెం ఎక్కువ చెబుతారు. పాథాలజీ రిపోర్టులో "షార్ట్ సెగ్మెంట్" అనో "లాంగ్ సెగ్మెంట్" అనో ఉంటుంది, ఆపరేషన్ నోట్స్‌లో ఎంత పేగు తీశారో ఉంటుంది. ఆ రెండు కాగితాలూ పట్టుకుని జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. రెట్ టెస్ట్ చేయించాలా వద్దా అన్నది వాళ్లు చూసి చెబుతారు. చేయిస్తే ముందు పాపకి, మీకు కాదు.

పాప_అమ్మ
డిశ్చార్జ్ కాగితంలో ఏ సెగ్మెంటో రాయలేదు. పాథాలజీ రిపోర్టు మా దగ్గర లేదు, రేపు రికార్డ్స్ సెక్షన్‌లో అడుగుతా.

రాత్రి_డ్యూటీ
పాప ఐపీ నంబర్, ఆపరేషన్ తేదీ రాసుకుని వెళ్లండి, తొందరగా తీస్తారు. బయాప్సీ రిపోర్టు వేరు, ఆపరేషన్‌లో తీసిన పేగు రిపోర్టు వేరు. మీకు కావాల్సింది రెండోది.